ఇంటిపేరు తేలని ఆలిచిప్ప

పంతొమ్మిది వందల అరవై ఒకటి, అక్టోబరు నెలలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు కామాక్షయ్య గారి కుడికాలి బొటనవేలి మీద ఏడు కోట్ల ఏళ్ల నాటి ఆలిచిప్ప ఒకటి పడింది. తొమ్మిదో తరగతి, మధ్యాహ్నం మొదటి పీరియడు. చిప్పకేమీ కాలేదు.

ఆయన బూట్లతోనే వచ్చారు. కానీ మైపాడులో బస్సు దిగి మా స్కూలుదాకా నడిచేసరికి ఎంతటి అధికారి బూట్లలోనైనా దోసెడు ఇసుక చేరుతుంది. అందుకని బూట్లు విప్పి దులిపించుకుని, మేజోళ్లు కిటికీలో ఆరేసుకుని, ఒట్టికాళ్లతో కుర్చీలో కూర్చుని సైన్సు పాఠం వింటున్నారు. చెబుతున్నది రెబెక్కమ్మ టీచరు. ఆమె ఒకచోట నిలబడి పాఠం చెప్పగా చూసినవాళ్లు లేరు; కూర్చుని చెప్పగా అసలే లేరు. బోర్డు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకు, తలుపు నుంచి మళ్లీ బోర్డుకు. బాల్ బ్యాడ్మింటన్ ఆట చూసేవాళ్లకు మల్లే పిల్లల తలలు అటూ ఇటూ తిరుగుతుండేవి. ఆరోజు చేతిలో ఆ చిప్ప పట్టుకుని, కుర్చీ దగ్గర మలుపు తిరుగుతూ, "దీని బరువెంతో మీరే చూడండి" అంది. ఇన్‌స్పెక్టరు గారే ముందు చూశారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు ఆయన, కొంచెంసేపయ్యాక, అధికారి గొంతు కూడగట్టుకుని.

"ఎక్సోగైరా సార్. ఇప్పుడు లేని పాతకాలపు ఆలిచిప్ప. ఏడు కోట్ల ఏండ్లు ఉంటుంది."

"ఏడు కోట్ల ఏళ్లు ఆగింది కదా, నేను కాలు తీసుకునేదాకా ఆగలేకపోయిందా?"

పిల్లలు నవ్వలేదు. నవ్వడానికి ఆయన గేటు దాటేదాకా ఆగారు. ఆ ఆగడమే రెబెక్కమ్మకు చేతకాదు. అక్కడే, ఆయన ముందే, ఫక్కున నవ్వేసింది.

ఇంకొకరైతే ఆ నవ్వుకు బదిలీ చేయించి ఉందురు. కామాక్షయ్య గారు బొటనవేలు నల్లబడినా మనసు నల్లబడని మనిషి. వెళ్లేటప్పుడు కుంటుతూ, "నవంబరులో నెల్లూరులో సైన్సు ఎగ్జిబిషను ఉంది. దీన్ని తీసుకురా తల్లీ. అక్కడ మాత్రం బల్లమీద పెట్టు, చేత్తో పట్టుకోవద్దు" అన్నారు.

రెబెక్కమ్మకు అప్పటికి ముప్పై దాటాయి. భర్త దావీదు పూనాలో మిలటరీ డ్రైవరు. ఇంట్లో తనూ, అత్తగారు మగ్దలీనమ్మా. రెబెక్కమ్మ అన్నం నిలబడి తినేది. గుడిలో ప్రసంగం మొదలయ్యే వేళకు ఏదో పనున్నట్టు వెనక బెంచీకి మారేది. మధ్యలో పాస్టరు గారికి తాగే నీళ్లు ఉన్నాయో లేదో చూడటానికి లేచిపోయేది. నెల్లూరు పోవాలంటే బస్సు కోసం నిలబడే ఓపిక లేదు. వచ్చేదాకా నడుస్తాననేది. ఒకోసారి రెండుమూడు ఊళ్లు దాటిపోయేది. డ్రైవరు ఎక్కడ ఆమె గొడుగు కనిపిస్తే అక్కడ బ్రేకు వేసేవాడు. "మాకు మైపాడు స్టాపొకటి, టీచరమ్మ స్టాపొకటి" అనేవాడు కండక్టరు. "నా కోడలు కాలుగాలిన పిల్లి. నడిస్తే తప్ప నిద్ర రాదు, నిద్ర వస్తే తప్ప ఆగదు" అని మగ్దలీనమ్మ అందరితో చెప్పుకునేది. అందులో సగం ఫిర్యాదు, సగం గొప్ప.

ఆ ఇంట్లో కదలకుండా ఉండే వస్తువు ఒక్కటే. ఆ చిప్ప.

మద్రాసులో చదువుకునే రోజుల్లో వాళ్ల కాలేజీ వాళ్లు అరియలూరు వైపు తీసుకెళితే, మిగతా ఆడపిల్లలు చెట్టుకింద టిఫిను విప్పుకుంటుండగా ఈమె ఒక్కతే వాగులోకి దిగి ఏరుకొచ్చింది. ఒకప్పుడు సముద్రం ఉండిన చోటు అది. టిఫిను క్యారియరులో ఇడ్లీలు పారబోసి అందులో పెట్టుకుని తెచ్చింది. పెళ్లికి ముందునుంచీ ఉన్న వస్తువు కాబట్టి, దావీదు కంటే దానికే సీనియారిటీ.

పిడికిలి కంటే పెద్దది. కిందిచిప్ప గిన్నెలాగా లోతు, మందం, బరువు. పైచిప్ప పలచన, చదును. గిన్నెమీద మూత పెట్టినట్టు సరిగ్గా అమరి ఉండేది. గిన్నె మీద పొరలు పొరలుగా గీతలు. అది పెరిగిన జాడలు. గిన్నె మొదలు చిలకముక్కులాగా పైకి లేచి మూతమీదికి వంగేది. ఆ ముక్కు కొస ఎటు తిరిగిందో మాత్రం కనిపించదు. దానిమీద, మూత మొదలు మీద, ఎన్ని యుగాలనాటిదో మట్టి గట్టిపడి రాయై అంటుకుంది.

ఆ ముక్కులోనే ఉంది అసలు సంగతి. రెబెక్కమ్మ పిల్లలకు ఇలా చెప్పేది: "ఆలిచిప్పలంతా ఒక వంశం. అందులో ఇంటిపేర్లు వేరు. మన ఏటి దగ్గర రాళ్లకు కరుచుకుని ఉంటాయే, అవి ఒక ఇంటివాళ్లు. ఒకసారి అతుక్కుంటే చచ్చేదాకా కదలవు. వాటినట్లా వదిలెయ్యండి. ఇది అట్లాంటిది కాదు. పసితనంలో ఏ గులకనో పట్టుకుంటుంది. బరువు పెరిగినాక విడిపించుకుని బురదలో గిన్నెమాదిరి కూర్చుంటుంది. ఇట్లా చేసేవాళ్లలో రెండిళ్లు ముఖ్యం. ముక్కు తిన్నగా ముందుకు వంగి మూతమీద వాలితే గ్రిఫియా ఇంటిది. పక్కకు మెలి తిరిగి నత్తగుల్లమాదిరి చుట్టుకుంటే ఎక్సోగైరా ఇంటిది. ఇది ఎక్సోగైరా."

మట్టికింద ఉన్న ముక్కు ఎటు తిరిగిందో ఆమెకెలా తెలుసని ఏ పిల్లవాడూ అడగలేదు. నేను ఆ స్కూల్లో డ్రాయింగు మాస్టరును. చార్టుమీద బొమ్మ వెయ్యాల్సి వచ్చి నేనడిగాను. "చూస్తే తెలియడంలా? వంపు పక్కకు పోతా ఉంది కదండీ" అంది. మట్టిని గీకి చూడొచ్చు కదా అంటే చేతులు చూపించింది. "నా చేతులు నిలకడగా ఉండేవేనా? గీకబోయి ముక్కే విరగ్గొట్టుకుంటాను." అది నిజమే. నేను చార్టుమీద పక్కకు తిప్పే వేశాను.

ఎగ్జిబిషనులో మా బల్ల పక్కనే నెల్లూరు టౌను స్కూలు వాళ్ల బల్ల. వాళ్ల సైన్సు మాస్టరు మాల్యాద్రి. ఇస్త్రీ నలగని మనిషి. చిప్పను అటూ ఇటూ తిప్పి, అట్టమీద మేము రాసిన పేరు చదివి, పెదవి విరిచాడు.

"మేడమ్, ఇది గ్రిఫియా అండీ."

"కాదండీ, ఎక్సోగైరా."

"నా దగ్గర పుస్తకంలో బొమ్మ ఉంది. అచ్చం ఇదే. ఇంగ్లండు పల్లెటూళ్లలో వీటిని సైతాను కాలిగోళ్లు అంటారంట."

పక్కనే ఉన్న కామాక్షయ్య గారు అప్రయత్నంగా తన బొటనవేలు చూసుకున్నారు. అప్పటికి ఆ గోరు నల్లబడి, సగం ఊడి ఉంది. "అన్నవాళ్లు తెలిసే అన్నారయ్యా" అన్నారు.

జనం పోగయ్యారు. రెబెక్కమ్మ బల్ల చుట్టూ తిరుగుతూ వాదించింది. మాల్యాద్రి నిలబడ్డచోటే నిలబడి వాదించాడు. అందువల్ల చూసేవాళ్లకు ఆయనకే ఎక్కువ తెలుసునేమో అనిపించింది. చివరికి కామాక్షయ్య గారు చెయ్యెత్తారు. క్రిస్మస్‌కు ముందు శనివారం, జియాలజీ చెప్పే లెక్చరరు ఒకాయన మద్రాసు నుంచి నెల్లూరు వస్తున్నాడు. ఆయన చూసి తేలుస్తాడు. చిప్ప బాగుంటే వాళ్ల కాలేజీ అద్దాల అల్మారాలో పెట్టించే ఏర్పాటూ చేస్తాడు. చిప్ప పేరు, దాని కింద తెచ్చినవాళ్ల పేరు.

ఆ మాట విన్న క్షణం నుంచి రెబెక్కమ్మ అసలే ఆగలేదు. అద్దాల అల్మారా. అందులో ఎక్సోగైరా. దాని కింద తన పేరు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూడా నిలబడే వచ్చింది, సీట్లు ఖాళీగా ఉండగా. "మాస్టారూ, నా ముక్కు పక్కకే తిరిగి ఉండాలి. తిన్నగా ఉంటే ఇన్నేళ్లు పిల్లలకు తప్పుడు ఇంటిపేరు చెప్పినట్టు గదా" అంది. ఆ ఒక్క వాక్యాన్ని వడ్లబస్తా మీద చెయ్యేసుకుని కూర్చున్న పెద్దమనిషి విని, ఆమె ముక్కువైపు చాలాసేపు పరీక్షగా చూశాడు.

ఇంటికి రాగానే అత్తగారి ముందు కోపమంతా వెళ్లబోసుకుంది. "వాడెవడో మాల్యాద్రి అంట. నా చిప్పను పట్టుకుని సైతాను గోరంటాడత్తా!"

మగ్దలీనమ్మ, కోడలు కిటికీలో తిరిగి పెట్టిన చిప్పకు దూరంగా జరిగి కూర్చుంది. అది కోడలి కంట పడలేదు. అప్పటికే వాకిట్లో పచార్లు మొదలుపెట్టింది.

మా తీరపు ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. ఏడాది పొడుగునా తిన్న ఆలిచిప్పలూ, ఏటి గుల్లలూ పెరట్లో కుప్ప వేస్తారు. పండగ దగ్గర పడగానే సున్నపు బట్టీ వాళ్లు గంపతో వచ్చి కుప్ప ఎత్తుకుపోతారు. కాల్చి, సగం వాళ్లు ఉంచుకుని, సగం ఇంటివాళ్లకు ఇస్తారు. ఎవరి గోడకు వాళ్లు తిన్న గుల్లల సున్నమే. బట్టీ తీసినాక, ఎవరి వంతు మీద వాళ్లే ఇంటినుంచి చెంబుతో నీళ్లు తెచ్చి మొదటి నీళ్లు పొయ్యాలి. పోస్తే కాలిన గుల్ల బుస్సుమని పొంగి, పగిలి, పొడవుతుంది. ఆ పొంగు చూసి ఆ ఏడు ఇల్లు ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు కూడా ఉన్నారు.

మా వైపు బట్టీ చెంచమ్మది. క్రిస్మస్ ముందరి సోమవారం ఆమె గంపతో వచ్చేసరికి రెబెక్కమ్మ స్కూల్లో ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడవకముందే కిటికీ చూసింది.

"అత్తా, ఈడ చిప్ప ఏదీ?"

"ఏ చిప్ప?"

"మూత ఉండేదత్తా. నా చిప్ప."

"ఓ, అదా. పొయింది."

"యాడికి పొయింది?"

"పోవాల్సిన చోటికి." మగ్దలీనమ్మ చేట కింద పెట్టి, నిదానంగా, తప్పేమీ చెయ్యని మనిషి గొంతుతో చెప్పింది. "రెబెక్కా, పండక్కి ఇంట్లో సైతాను గోరు పెట్టుకుని యేసయ్యను యాడ కూర్చోబెడతావు? సైతాను పోవాల్సింది అగ్నిలోకి. వాక్యంలో లేదా? చెంచమ్మ గంపలో నా చేతులతో నేనే ఏసినాను. పైన ఏసినాను, మరిచిపోకుండా."

"అది సైతానుదని ఎవురు చెప్పినారు?"

"నువ్వే చెప్పినావు గదే."

రెబెక్కమ్మ పరిగెత్తింది. ఆమె నడవడం ఊరంతా ఎరుగుదురు, పరిగెత్తడం ఎవరూ చూడలేదు. చిల్లరకొట్టు దగ్గర ఉన్నవాళ్లు సముద్రం పొంగిందేమోనని లేచి నిలబడి అటువైపు చూశారట.

ఏటి పక్కన బట్టీ అప్పటికే రాజుకుని ఉంది. నడుమెత్తు గుండ్రటి మట్టిగోడ, కింద గాలికి బొక్కలు, లోపల బొగ్గు ఒక వరస, గుల్లలు ఒక వరస. పైన వాన పడకుండా తాటాకు చూరు. చెంచమ్మ పక్కన కూర్చుని వక్క నములుతోంది. ఆ తర్వాత జరిగింది నాకు చెప్పింది చెంచమ్మే.

"చెంచమ్మక్కా, తియ్యి! మా చిప్ప తియ్యి!"

"ఏ చిప్ప టీచరమ్మా? లోపల ఉండేవన్నీ చిప్పలే గదా."

"పెద్దది. బరువుగా ఉంటుంది. మా అత్త ఏసింది."

"ఆ ముసిలి ఆలిచిప్పా? పైవరసలో, వారగా పెట్టినా. మీ గంప కడాకు వచ్చె."

"పైవరసే గదా, కొంకి పెట్టి లాగు."

"నిప్పంటించినాక బట్టీ నోరు కదపకూడదమ్మా. కదిపితే పైది పచ్చి, కిందది బూడిద. ఇందులో ఆరిళ్ల గుల్లలు ఉండాయి. నీ ఒక్క చిప్ప కోసరం ఆరిళ్ల పండగ చెడగొట్టమంటావా?"

రెబెక్కమ్మ ఆ ఆరిళ్ల పిల్లలకూ పాఠం చెప్పేది. ఏమంటుంది? బట్టీ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. చుట్టూ తిరిగే కొద్దీ సెగకు మొహం ఎర్రబడుతోంది, చీరకు మసి అంటుతోంది.

"కూర్చోమ్మా. నీ తిరుగుడుకు నాకు కళ్లు తిరగతా ఉండాయి. గుడిచుట్టూ అయినా ఎవురూ ఇంతసేపు తిరగరు."

"ఎప్పుడు చల్లారుతుందక్కా?"

"తెల్లారి. నువ్వు తిరిగితే తెల్లారి. కూర్చుంటే తెల్లారి."

ఉత్తరాన మబ్బు పట్టింది. వారం రోజులుగా వాన వద్దని ప్రార్థన చేస్తున్న రెబెక్కమ్మ, ఆ సాయంత్రం వాన రావాలని, బట్టీ ఆరిపోవాలని ప్రార్థించింది. అదే వేళకు ఇంట్లో మగ్దలీనమ్మ మోకరించి, అగ్ని బాగా మండాలని ప్రార్థించింది. ఒకే ఇంటినుంచి రెండు విజ్ఞాపనలు ఎదురెదురుగా పైకి పోయాయి. పైవాడు ఎవరి మాటా తీసెయ్యలేక కాబోలు, సన్నటి జల్లు కురిపించి ఊరుకున్నాడు. అది తాటాకు చూరు కూడా దాటలేదు.

మర్నాడు పొద్దున్నే చెంచమ్మ బట్టీ నోరు తీసేసరికి ఎదురుగా రెబెక్కమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని ఉంది. పద్ధతి ప్రకారమే తెచ్చింది. చెంచమ్మ బూడిద దులిపి, తన రెండు చేతులకూ గోనెపట్టా చుట్టుకుని, వారగా ఉన్నదాన్ని పైకి తీసింది.

చెక్కు చెదరలేదు. గిన్నె గిన్నెగానే ఉంది, మూత మూతగానే ఉంది. మట్టి ముద్ద కూడా ముక్కుమీద అలాగే ఉంది. నల్లటి చిప్ప తెల్లగా పువ్వులాగా అయింది, అంతే.

"దేవునికి స్తోత్రం" అంది రెబెక్కమ్మ. ఆ మాట చెబుతూ ఒక అరక్షణం నిలబడిందట కూడా.

"సంతోషపడబాక" అంది చెంచమ్మ. "అది ఇప్పుడు చిప్ప కాదు, సున్నం. చూసే దానికే చిప్ప. తడి తగిలితే పొడి. ఈ వాన గాలికే రెండు దినాల్లో విరిసిపోతుంది. నువ్వు శనివారం తీసకపోయి ఆయన ముందర పెట్టేసరికి డబ్బాలో పిండి ఉంటుంది."

"మొత్తం సున్నమైపోయిందా? లోపల కూడానా?"

"మందంగా ఉండాది గదా, వారగా ఉండె గదా. లోపల రాయి మిగిలినా మిగలొచ్చు. చూసే దానికి తెలీదు. నీళ్లు పోస్తేనే తెలుస్తుంది."

"పోస్తే?"

"మిగిలింది మిగులుతుంది. పొయ్యేది పోతుంది." చెంచమ్మ వక్క ఉమ్మి, దయగా చెప్పింది. "నా మాట విను టీచరమ్మా. పొయ్యబాక. పొడి గుడ్డలో చుట్టి, డబ్బాలో బొగ్గుపొడి మధ్య పెట్టు. పొడైతే పొడైంది. ఇట్టా బట్టీలో పడిందని చెప్పు. అప్పుడు అది కాదని ఎవురంటారు? నువ్వు చెప్పిందే ఖాయం."

చెంచమ్మకు ఎక్సోగైరా తెలియదు, గ్రిఫియా తెలియదు. నెల్లూరులో ఎవరో టీచరమ్మతో పోటీ పడ్డారని, శనివారం ఒక పెద్దాయన తేలుస్తాడని మాత్రం, బట్టీ చుట్టూ తిరుగుతూ ఆమె చెప్పగా తెలుసు. ఆ తెలిసినదానికి ఆమె ఇచ్చిన సలహా ప్లీడరు ఇచ్చేదే.

రెబెక్కమ్మ చిప్పను నేలమీద ఇటుక మీద పెట్టింది. చెంబు ఎత్తింది. దించింది. అటు నాలుగడుగులు పోయింది, ఇటు వచ్చింది. డబ్బా తెచ్చుకుంటానని ఇంటిదారి పట్టి, ఏటిగట్టు ఎక్కి, వెనక్కి తిరిగి వచ్చింది. శనివారందాకా డబ్బాలో ఉన్నది చిప్పో, పిండో తెలియకుండా ఎలా ఉండటం? ఒక బస్సు కోసమే ఆగలేని మనిషి. "ముక్కు ఎటుందో నాకు తెలియాలక్కా" అంది. అంటూనే చెంబు వంచేసింది.

బుస్సుమంది. ఆవిరి లేచింది. "మొగం ఎనక్కి పెట్టుకోమ్మా!" అని చెంచమ్మ రెక్క పట్టుకుని లాగింది. ముందు మూత పోయింది. పలచనిది కదా, పటపటమని నాలుగు ముక్కలై, నాలుగు ముక్కలూ పొంగి, పువ్వు విచ్చినట్టు విచ్చి పిండైపోయింది. గిన్నె పైపొరలు ఒకటి తర్వాత ఒకటి ఊడి రాలాయి. ముక్కుమీది మట్టిముద్ద పగిలి, పెచ్చులుగా పడింది. తర్వాత చప్పుడు తగ్గింది. ఆవిరి పోయింది.

తెల్లటి పిండి మధ్యలో గిన్నె మిగిలి ఉంది. కొంచెం చిక్కింది, గరుకెక్కింది. కానీ రాయే. లోపల, మూతను పట్టుకుని ఉండిన కండ ఊడిన మచ్చ, ఒకే ఒక మచ్చ, బొటనవేలి ముద్ర అంత, స్పష్టంగా కనిపిస్తోంది. మూతే లేదు. మట్టి దుప్పటి కప్పుకుని ఉండటం వల్ల మిగతా అన్నిటికంటే ముక్కు తక్కువ కాలింది. ఇన్నేళ్లూ దాగి ఉన్నది ఇప్పుడు వెలుతుర్లో ఉంది.

తిన్నగా ఉంది. తిన్నగా, ఏ పక్కకూ పోకుండా ముందుకు వంగి, లేని మూతమీద వాలి ఉంది.

రెబెక్కమ్మ దాన్ని గుడ్డతో పట్టుకుని తూర్పుకు తిప్పి చూసింది, పడమటికి తిప్పి చూసింది. మెడ పక్కకు వంచి చూసింది. మెడ బాగా వంచితే ముక్కు పక్కకు తిరిగినట్టే ఉందట. "టీచరమ్మ తలకాయ ఎంత వంచిందంటే, కొప్పు ఊడి భుజంమీద పడె" అని చెంచమ్మ నాకు అభినయించి చూపించింది. చివరికి తల ఎత్తక తప్పలేదు. తల ఎత్తితే ముక్కు తిన్నగా ఉంది.

"ఏందమ్మా? నువ్వు చెప్పిన ఇంటిదేనా?"

"కాదక్కా. పక్కింటిది."

చెంచమ్మ బట్టీ నోటివైపు వేలు చూపించింది. "మళ్లీ కాల్చేదానికి రేపటి బట్టీలో చోటుండాది. ఈసారి నడిమధ్య పెడతా. ఒక్క ముక్క మిగలదు." రెబెక్కమ్మ గిన్నెను వెనక్కి లాక్కుంది. గిన్నెను పైటకొంగులో కట్టుకుంది. కట్టుకుని ఇంటికి పోలేదు. సముద్రం ఒడ్డున పైకీ కిందికీ ఎంతసేపు తిరిగిందో, వలలు లాగేవాళ్లు ఆమె కోసం రెండుసార్లు తాడు పైకెత్తి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ పూట ఆమె క్లాసు నేను తీసుకున్నాను. సైన్సు రాదు కాబట్టి పిల్లలచేత ఆలిచిప్ప బొమ్మ వేయించాను. అందరూ ముక్కు పక్కకే తిప్పి వేశారు. అంత బాగా నేర్పింది ఆమె.

మధ్యాహ్నం వచ్చింది. తలుపు దగ్గరే మా చార్టు చూసింది. చేతిలో సుద్దముక్క ఉంది. పిల్లల మధ్య తిరుగుతూ ఒక్కొక్క పలకమీద ముక్కు చెరిపి తిన్నగా దిద్దింది. "నేను మీకు చెప్పిన ఇంటిపేరు తప్పు. ఇది గ్రిఫియా" అంది. వెనక బెంచీలోంచి, "అయితే మార్కులు తగ్గిస్తారా టీచర్?" అని ఎవరో అడిగారు. "నాకు తగ్గిస్తార్లే" అంది.

ఇంట్లో మగ్దలీనమ్మ పైటకొంగులోంచి బయటపడిన గిన్నెను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "అగ్నిలో ఏసినా చావలా!"

"గోరు చావలేదత్తా. సైతానుదని ఆ మాల్యాద్రి చెప్పింది నిజమే. గ్రిఫియానే ఇది."

"చెప్పినా గదా!" అంది మగ్దలీనమ్మ. ఏమి చెప్పిందో ఆమెకూ తెలియదు. కానీ కోడలు ఒప్పుకున్నది మొదటిసారి కాబట్టి, ఆ పూట తనే వడ్డించి, పక్కన కూర్చుని, "పోన్లేమ్మా, నువ్వు చెప్పిన పేరే బాగుండె" అని ఓదార్చింది.

బట్టీనుంచి వాళ్ల వంతు సున్నం వచ్చింది, చెంచమ్మ ఇటుక చుట్టూ ఊడ్చి ఎత్తిన పిండితో సహా. వానలు తెరిపిచ్చిన రెండు రోజుల్లో అత్తాకోడళ్లు ఇల్లంతా వెల్ల వేశారు. రెబెక్కమ్మ నిచ్చెన దిగకుండా ఒకే ఊపున ఉత్తరపు గోడ అంతా రెండు పూతలు పూసింది. కుదురులేని చేతులకు అంతకంటే మంచి పని దొరకదు.

శనివారం పొద్దున నేనూ ఆమెతో నెల్లూరు బయల్దేరాను. ఒక సగం దూరం నడిచాక బస్సు మమ్మల్ని కలుసుకుంది. దారి పొడుగునా ఆమె ఒళ్లో గుడ్డమూట విప్పడం, కట్టడం. "ఆ నీళ్లు పొయ్యకుండా ఉంటే ఎట్లుండునో మాస్టారూ" అంది ఒకసారి. నేను జవాబు వెతుక్కునేలోపే, "ఎట్లా ఉండేది కాదులే. డబ్బా మూత తీసి తీసి నేనే పొడి చేసుకుని ఉందును" అని తనే ముగించింది.

లెక్చరరు గారు సన్నగా, కళ్లద్దాలతో, చేతులు చాలా నిలకడగా ఉన్న మనిషి. కామాక్షయ్య గారు కాళ్లు కుర్చీ కిందికి లాక్కుని కూర్చున్నారు. మాల్యాద్రి పుస్తకం తెచ్చుకున్నాడు. రెబెక్కమ్మ మూట బల్లమీద పెట్టి, ఎవరూ అడగకముందే, "నేను ఎక్సోగైరా అన్నానండీ. మాల్యాద్రి గారిదే ఒప్పు" అంది.

మాల్యాద్రి మొహం ఎలా అయిందో చూడాలి. గెలుస్తానని సిద్ధపడి రాలేదు ఆయన, వాదిస్తానని సిద్ధపడి వచ్చాడు. పుస్తకం సగం తెరిచి, "అంటే... నేనూ బొమ్మ చూసే అన్నానండీ. మీరు అంత గట్టిగా చెబుతుంటే నాకూ అనుమానమొచ్చింది" అని నసిగి, తెరిచిన పేజీని ఏం చేయాలో తెలియక మూసేశాడు.

లెక్చరరు గారు గిన్నెను భూతద్దం కింద తిప్పారు. ముక్కు చూశారు. లోపలి మచ్చ చూశారు. "గ్రిఫియానే" అన్నారు. ఆ తర్వాత వేలితో అంచు తడిమితే వేలికి తెల్లగా సున్నం అంటింది. ఆ వేలును మా అందరికీ చూపించారు. రెబెక్కమ్మ నిలబడలేక కిటికీదాకా పోయి వచ్చింది. జరిగిందంతా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బట్టీలో కాల్చారు, నీళ్లు పోశారు, సరే. ముక్కు బాగుంది, మచ్చ బాగుంది, అల్మారాలో పెట్టుకోవచ్చు. కానీ సగం జంతువును పెట్టి కింద మీ పేరెలా రాయమంటారమ్మా? ఏడు కోట్ల ఏళ్లు ఊడని మూత. ఇంత బాధ్యత లేకుండా ఎలా పోగొట్టారు? ఎక్కడుంది ఆ మూత?"

రెబెక్కమ్మ నడక ఆపింది.

"మా ఇంటి ఉత్తరపు గోడకు, రెండో పూతలో ఉందండీ."